చప్పుడు లేని డిస్కు

మూడు డిస్కులూ బాగానే ఉంటాయంటాడు, మరి మూడూ బాగుంటే మూడు రకాలు ఎందుకు చేశారు, ఒకటి చేసి ఊరుకోవచ్చు కదా, ప్రతాప్ మాత్రం వాటిని బల్ల మీద పరిచి పెట్టి నా మొహం చూస్తున్నాడు, రాయదుర్గంలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లలో ఇతనికే కాస్త ఓపిక ఉందని వచ్చాను, ఆ ఓపికతోనే నా తల తినేస్తున్నాడు, తిప్పేషన్నా, ఇది మామూలు హార్డ్ డిస్కు, లోపల పళ్లెం తిరుగుతాంటాది, జాగా శానా ఉంటాది, దుడ్లు తక్కువ, ఇది ఎస్ఎస్‌డీ, దీంట్లో తిరిగేదేమీ ఉండదు, చప్పుడూ ఉండదు, నొక్కితే తెరుచుకుంటాది, ఇంగ ఇది హైబ్రిడ్డు, రెండూ కలిపి చేసినారు, నువ్వు దినామూ తెరిచేవి గుర్తు పెట్టుకొని చేతికి అందేతట్టు పెడతాది, అని చెబుతుంటే నేను తల ఊపుతూనే ఉన్నాను, మొదటిది వింటున్నప్పుడు అదే మేలనిపించింది, రెండోది వింటున్నప్పుడు రెండోది, మూడోది వినేసరికి మొదటిదాని సంగతే మరిచిపోయాను.

నాకు కావలసింది ఒక్కటే, నేను చేసిన బొమ్మలు మాయం కాకూడదు, జీన్స్ ప్యాంటు వెనక జేబు మీద ఎద్దు కొమ్ములో, గద్ద రెక్కలో, గులాబీయో కుట్టి ఉంటుంది చూడండి, ఆ కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరగాలో కంప్యూటర్లో గీసి ఇచ్చేది నేను, దాన్ని చూసి మిషను కుడుతుంది, వానల్లేక చేను బీడు పడ్డాక నాకు అన్నం పెట్టింది ఈ గీతలే, ఇప్పుడు ఆ గీతలే కనబడకుండా పోతున్నాయి, గోవిందప్పన్న జీన్స్ కుట్టే యూనిట్ కోసం వారమంతా కూర్చుని నెమలి గీశాను, మరుసటి రోజు చూస్తే లేదు, వెతికాను, లేదు, మళ్లీ గీశాను, అదీ పోయింది, ఈ డిస్కే తినేస్తోంది అని గోవిందప్పన్నకి చెబితే ఆయన నవ్వలేదు, ఏమప్పా తిప్పేషూ, రేపటికి నెమలి ఇయ్యకపోతే పని బళ్లారోళ్లకి ఇస్తా, ఇంగ నీ దగ్గర చేయించను, అన్నాడు, ఆయన పని పోతే నాకు మిగిలేది ఏమీ లేదు, ఆ మాట ఆయనకీ తెలుసు, అయినా ఆయన కోపం నెమలి గురించి మాత్రమే కాదు, మొన్న బస్టాండులో ఆయన పక్కనుంచే పలకరించకుండా పోయానట, కండ్లు నెత్తికెక్కినాయా అని అందరి ముందర అడిగాడు, నేను ఆయన్ని చూడనే లేదు, చూస్తే పలకరించనా, అంత బుద్ధి లేనివాడినా.

అన్నా, నువ్వు పొద్దున కంప్యూటరు ఇచ్చిపోయినావు కదా, టెస్టు పెట్టినా, నీ పాత డిస్కు బాగుండాది, అంటున్నాడు ప్రతాప్, బాగుండడమేమిటి, నెమలిని మింగింది బాగుండడమేమిటి, నెమలి యాడికీ పోలేదన్నా, రెండు నెమళ్లూ ఈడే ఉండాయి, తెర మీదనే, కుడిపక్క, అంటున్నాడు, నాకు ఒళ్లు మండింది, నేను కూర్చుంటే లేనిది ఇతను కూర్చుంటే ఎట్లా వచ్చింది, అదే దొంగ డిస్కు లక్షణం, మెకానిక్ ముందు బండి కూడా బాగానే నడుస్తుంది, ఇంతలో ఇంటి నుంచి నా భార్య లక్ష్మి ఫోను, ఏమప్పా, ఏదో ఒకటి పట్టుకోని రా, ఆ గరగర లేనిది తీసుకో, ఇంట్లో ఆ చప్పుడు ఇనలేక చస్తాండా, అంది, అంతటితో ఆగితే లక్ష్మి ఎందుకవుతుంది, పోయేటప్పుడు బిందె తన్నిపోయినావు, వాకిలంతా నీళ్లు, ఆ నీళ్లకి నేను ఎంతసేపు నిలబడినానో నీకేం తెలుసు, అని కూడా అంది, దారిలో బిందె పెట్టింది తను, తిట్లు నాకు, పక్కన పెట్టినానప్పా, దారిలో యాడ పెట్టినా, అంటోంది, సర్లే అని ఫోను పెట్టేశాను, ఈ మధ్య ఇంట్లో అన్నీ దారికి అడ్డంగానే ఉంటున్నాయి, చెప్పినా వినదు.

అయితే ఎస్ఎస్‌డీ తీసుకుందామా, లక్ష్మికి శాంతి, నాకు వేగం, కరెంటు పోయి వచ్చినా అదిరి చెడిపోయే పళ్లెం లేదు, కానీ అది పోయేటప్పుడు చెప్పకుండా పోతుందట, ప్రతాపే అన్నాడు, హార్డ్ డిస్కయితే శానాసార్లు ముందే మూలుగుతాదన్నా, ఇది ఒకోసారి ఉన్నట్టుండి పండుకుంటాది, అని, మరి అట్లాంటిదాన్ని నమ్మి నెమళ్లు ఎట్లా పెట్టేది, సరే హార్డ్ డిస్కే అనుకుంటే వెంటనే లక్ష్మి గొంతు, పోనీ హైబ్రిడ్డు, మధ్యస్తంగా, ఎవరికీ కోపం రాకుండా, కానీ కొత్తవి రావడం దాదాపు ఆగిపోయిందట, ఇదొక్కటే అతని దగ్గర మిగిలిందట, మిగిలిపోయిన పిల్లని అంటగట్టినట్టు నాకు అంటగడుతున్నాడేమో, ఛ, ప్రతాప్ అట్లాంటివాడు కాదు, దీంట్లో చప్పుడు ఉంటుందా అని అడిగాను, కొంచెం ఉంటాదన్నా అన్నాడు, ఎందుకో ప్రాణం కుదుటపడింది, ఎందుకు కుదుటపడాలి, అందరూ వదిలించుకోవాలనుకునే గరగర నాకెందుకు కావాలి, రోడ్డవతల యూనిట్లో పాతిక మిషన్లు ఒకేసారి మోగుతుంటాయి, చప్పుడు కరువై కాదు కదా, బొమ్మ తెరిచేటప్పుడు లోపల గరగరమంటుంది, ఆగిందంటే తెరుచుకున్నట్టు, అప్పుడు తెర దగ్గరికి వంగుతాను, ముక్కు తగిలేంత దగ్గరగా, ఆ చప్పుడు లేకపోతే తెరుచుకుందో లేదో ఎట్లా తెలుస్తుంది, అని ప్రతాప్‌ని అడిగితే అతను వింతగా చూశాడు, చూస్తే తెలుస్తాది కదన్నా, అన్నాడు.

నీ పాతదంతా ఎస్ఎస్‌డీలోకి కాపీ చేసి పెట్టినా, ఒకసారి నువ్వే చూసుకో, నచ్చకపోతే తీసేద్దాం, అని కుర్చీ నా వైపు తోశాడు, కూర్చున్నాను, బాణం గుర్తు ఎక్కడుందో చాలాసేపు దొరకలేదు, అతనే చెయ్యి పట్టి నెమలి మీద పెట్టించాడు, నొక్కాను, ఎదురుచూశాను, లోపల ఏమీ కదలలేదు, ఫ్యాను గాలి తప్ప ఏమీ లేదు, చూసినావా ప్రతాపూ, ఇరుక్కపోయింది, నేను చెప్పలేదా, ఇదీ అట్లాంటిదే అన్నాను, గెలిచినట్టు కూడా అనిపించింది, నేను ఇంకా ఎదురుచూస్తున్నాను, అన్నా, అన్నాడు మెల్లగా, నువ్వు నొక్కగానే తెరుచుకుండాది, నీ ముందరే ఉండాది, వంగి చూస్తే నిజమే, నెమలి ముక్కు, మెడ, నేను గీసిన కిరీటం, తోక లేదు, తోక రాలేదప్పా, సగమే కాపీ అయింది, అన్నాను, తోక ఉండాదన్నా, నిండుగా ఉండాది, కుడిపక్కకి చూడు, అన్నాడు, తల తిప్పాను, తోక వచ్చింది, కన్ను కన్నుగా, నీలం మీద పచ్చ, తల మళ్లీ మెడ దగ్గరికి తెచ్చాను, తోక పోయింది, తిప్పాను, వచ్చింది.

భయం వేసింది, ప్రతాప్ నీళ్లు తాగు అన్నా అంటున్నాడు, గ్లాసు ఎక్కడ పెట్టాడో తెలియక ఊరికే కూర్చున్నాను, పోయినేడు మడకశిర పెండ్లిలో చీకటి పడ్డాక ఒక్కడినే నడవలేక లక్ష్మి చెల్లెలి కొడుకు భుజం మీద చెయ్యి వేసి, ప్రేమగా ఉన్నట్టు నవ్వుకుంటూ నడిచాను, దారం రంగులు ఎంచే పని ఆడవాళ్లకే బాగా తెలుస్తుందని అందరికీ చెప్పి లక్ష్మికి ఎప్పుడు అప్పజెప్పానో గుర్తు లేదు, బండి అమ్మేసి, నడిస్తే ఒంటికి మంచిదని ఊరంతా చాటాను, ఇన్ని అబద్ధాలు ఎప్పుడు నేర్చుకున్నాను, ఎవరికి చెప్పుకుంటూ వచ్చాను, అన్నా, ఇంతకీ ఏది పెట్టమంటావు అని ప్రతాప్ అడుగుతున్నాడు, చాలా మెల్లగా, రోగిని అడిగినట్టు, అతనికి అర్థమైపోయింది, నాకంటే ముందే అర్థమైపోయింది, ఏదైనా పెట్టప్పా అన్నాను, నిజంగానే ఏదైనా ఒకటే, డిస్కు ఏ నెమలినీ తినలేదు, ఒక్క గీత కూడా పోగొట్టలేదు, పోతున్నది నా చూపు.