మూడో పిలుపు

వంశధార నడిపాయలో బోర్లా పడి ఉన్న సోములు శవాన్ని ఒరిస్సా జవాను వెదురుగడతో పొడిచి అవతలికి నెట్టాడు. ఆంధ్రా జవాను బూటుకాలితో మళ్లీ ఇవతలికి తన్నాడు.

"మా వైపు పడలేదు" అన్నాడొకడు.

"మా వైపు అసలే పడలేదు" అన్నాడు రెండోవాడు.

దొంగలూ దొంగలూ ఊళ్లు పంచుకున్నట్టు రెండు ఠాణాలూ ఏరు పంచుకున్నాయి గానీ, శవం దగ్గరికొచ్చేసరికి ఎవరికీ వాటా అక్కర్లేకపోయింది.

సోములు అక్క గున్నమ్మ కొత్త వంతెన మీంచి ఇదంతా చూసింది. నెత్తిమీది సిమెంటు తట్ట విసిరికొట్టి ఇసుకలోకి పరిగెత్తింది.

కూలీలు శవాన్ని ఇసుక మీదికి లాగారు. పక్కనే గొడుగు కింద కంట్రాక్టరు రామలింగం కిళ్లీ నములుతూ ఉన్నాడు. "ఏరు బలి కోరుకుందమ్మీ, ఏటి సేత్తాం? రేపు మంత్రిగారొస్తన్నారు. సప్పుడు సెయ్యకుండా తగలేసెయ్యండి."

"ఏరు కోరనేదు బావూ!" తాపీమేస్త్రి ఎర్రయ్య గొంతు లేచింది. "పరంజా తాళ్లు కుళ్లిపోనాయి, మార్చమని మొత్తుకోనేదేటి మేం?"

"ఎవుడికి సెప్పుకుంటావురా? ఈ దేశానికా, ఆ దేశానికా?" రామలింగం ఎర్రగా ఉమ్మాడు. ఆ ఉమ్ము శవం పక్కనే పడింది. గున్నమ్మకి ఆ మనిషంటే కోపం కన్నా రోత ఎక్కువ కలిగింది.

సాయంత్రం కూలీల పాకల దగ్గర మాటామాటా పెరిగింది.

"తగలేసి పనిలోకి పోదాం" అన్నాడు ముసలి సన్యాసయ్య. "పని పోతే పిల్లలేటి తింటారు?"

"రేపు అదే తాడు మీద నీ కొడుకెక్కుతాడు. అప్పుడేటంటావు?" అంది గున్నమ్మ.

సన్యాసయ్య ఆమె వైపు జరిగాడు. "అయితే ఏటి సేద్దామమ్మీ?"

"వల్లకాడు ఏటికవతల. వంతెన మీంచే పోదాం. దింపుడు కళ్ళెం ఎక్కడో నాను సెప్తాను."

మర్నాడు పొద్దున్నే పాడె లేచింది. ఆడకూతుళ్లు రాకూడదన్న మాట ఎవరూ ఎత్తలేదు. రెండు రాష్ట్రాల పెద్దలూ హద్దుకని వంతెన నడుమ ఎర్రరంగు గీత గీయించారు. సరిగ్గా ఆ గీత మీద పాడె దించమంది గున్నమ్మ. తల ఒరిస్సాలో, కాళ్లు ఆంధ్రాలో. దారిలో దింపుడు కళ్ళెం దగ్గర పాడె దించి, లేచి వస్తాడేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఆ తర్వాతే మళ్లీ ఎత్తుతారు. గున్నమ్మ ఒంగి ఒకసారి పిలిచి ఊరుకుంది.

మంత్రిగారి రిబ్బను కట్టే వేళయింది. రెండు వైపుల నుంచీ జవాన్లు ఉరికొచ్చారు.

"తియ్యండి శవాన్ని!"

"ఏ వైపుకి బావూ?" అన్నాడు ఎర్రయ్య.

ఒరిస్సా జవాను శవం కాళ్ల వైపు చూపించాడు, ఆంధ్రా జవాను తల వైపు.

"మిగతా రెండూ పిలిచి తగలడండి!" రామలింగం అరిచాడు.

"కంట్రాక్టరు మీద కేసు రాసినాకే మూడో పిలుపు" అంది గున్నమ్మ. "అందాకా పాడె లేవదు."

లాఠీలు లేచాయి. ఆ రోజు మొదటిసారి రెండు రాష్ట్రాల లాఠీలూ గీత చూసుకోలేదు. కలిసే కొట్టాయి. సన్యాసయ్య నుదురు పగిలినా పాడె కొమ్ము వదల్లేదు. ఎర్రయ్యని జుట్టు పట్టి జీపులోకి ఈడ్చారు.

రెండో పిలుపుకి గున్నమ్మ చెవి దగ్గరికి ఒంగలేదు. నిటారుగా నిలబడి, ఏరంతా వినబడేలా పిలిచింది.

"సోములూ!"

"ఓయ్!"

జీపులోంచి ఎర్రయ్య పలికాడు. వంతెన మీద తట్టలు మోసే ఆడవాళ్లు పలికారు. ఇవతలి గట్టున రాళ్లు కొట్టేవాళ్లు, అవతలి గట్టున పొలాల్లో ఉన్నవాళ్లు పనిముట్లు చేతపట్టుకునే పలికారు, పలుకుతూనే వంతెన వైపు నడిచారు.

మూడో పిలుపు గున్నమ్మ గొంతులోనే అట్టిపెట్టుకుంది.