మంచం దిగనోళ్లు

పాలకీడు నుంచి బస్సుల తోలుకొచ్చిన నలభైమందిని దవాఖాన మంచాల మీద వరసగ పండబెట్టిన్రు. రోగమేందని ఒక్కర్నీ అడగలే. మొదటి వరసకు జ్వరం, రెండో వరసకు కామెర్లు, కిటికీ దిక్కు వరసకు ఆయాసం. కాలేజీ చైర్మన్ సారు వేలు సూపిస్తుంటే మేం స్టూడెంట్లం కేస్ షీట్లు రాసినం. థూ! ఆ రాసిన చేతులల్ల నా చెయ్యి గూడ ఉన్నది.

మాది సూర్యాపేట హైవే పక్క కాలేజీ, ఫిజీషియన్ అసిస్టెంట్ల కోర్సు. డాక్టర్లు పోని పల్లెలల్ల, డాక్టర్ చేతికింద జనాన్ని సూసుకునేటోళ్లను తయారుచేస్తరట! గేటు మీద 'పల్లెసేవే మా ప్రాణం' అని రాయించిన్రు. లోపల దవాఖానల పిల్లి గూడ పండది. కాలేజీ అనుమతికి తనిఖీ అన్ననాడే రోగులొస్తరు, కూలికీ బిర్యానీ పొట్లానికీ. డాక్టర్ గూడ కోదాడ నుంచి ఒక్కరోజు కిరాయికే వస్తడు. ఎంత పెద్ద మనసో సూడున్రి మా సారుది!

నాట్ల కూలి దేవమ్మకు కామెర్ల మంచం పడ్డది. దుప్పటి సర్దబోయిన మా క్లాస్ దీప ఆమె కాలు సూసి ఆగిపోయింది. బొటనవేలు నల్లవడ్డది, వాసనొస్తుంది.

"ఎన్ని దినాలాయె అత్తా?"

"నెల దాటింది బిడ్డా. ముల్లు గుచ్చుకున్నది. నొప్పి గూడ తెలుస్తలే."

దీప షుగర్ సూసింది. మీటర్ల పట్టనంత ఉన్నది. ఉరికి చైర్మన్‌కు చెప్పింది. "సార్, ఇయ్యాలనే సూడకపోతే కాలు పోతది. మనిషే పోవచ్చు."

"నోర్మూయ్! కామెర్లు రాసినం, కామెర్లే."

తనిఖీ సార్లు వచ్చిన్రు, మంచాలు సూసిన్రు, మంచిగ తిన్నరు, పోయిన్రు. వాళ్ల కారు గేటు దాటిందో లేదో, చైర్మన్ చప్పట్లు కొట్టిండు. "లెవ్వున్రి, లెవ్వున్రి! బస్సు తయారున్నది."

దీప అడ్డం నిలబడ్డది. "దేవమ్మత్తను డాక్టర్ సూడాలె సార్."

"ఆమె రోగి కాదు, కూలిది. పొట్లం తిన్నది, ఖతం."

దేవమ్మ దుప్పటి మెడదాక గుంజుకున్నది. "నేను లెవ్వ."

పక్క మంచం మీద గొర్లకాపరి కోటయ్య దగ్గుకుంట అన్నడు, "నేను గూడ లెవ్వ. ఆర్నెల్లసంది తెమడల రక్తం పడుతుంది. ఒక్కడన్న అడిగిండా?"

ఇగ సూస్కోన్రి! లేసినోళ్లంత మళ్ల పండుకున్నరు. మేం తలుపుకాడ బైఠాయించినం.

"మిమ్ముల పరీక్షకు కూసోనియ్య! పోలీసులను పిలుస్త!" అని ఎగిరిండు చైర్మన్.

"పిలువున్రి," అన్నది దీప, కేస్ షీట్ల కట్ట సంకల పెట్టుకొని. "అడ్మిట్ చేసినట్టు మీరే సంతకం పెట్టిన్రు. రోగులైతే వైద్యం చెయ్యున్రి. కాదంటే తనిఖీ సార్లను వెనక్కి పిలుద్దాం. ఇంకా నకిరేకల్ దాటి ఉండరు."

దొంగకు తేలు కుట్టినట్టయింది సారుకు.

ఒక ముసలామె మాత్రం మంచం దిగింది, కారెక్కబోతున్న కోదాడ డాక్టర్‌ను పట్టుకునేతందుకు.

"నాకేం సంబంధమమ్మా? నేను ఇవాళ్టికే వచ్చాను," అన్నడాయన.

"మేం గూడ ఇయ్యాల్టికే వచ్చినం. నడువ్," అని బ్యాగు గుంజుకున్నది.

ఆయన తల దించుకొని లోపలికొచ్చి, ఒక్కొక్కరినీ సూసిండు. దేవమ్మను అంబులెన్సుల పెద్ద దవాఖానకు తోలిచ్చిండు. వేలు పోయింది, కాలు దక్కింది. కోటయ్యకు టీబీ మందులు మొదలైనయ్. మా పన్నెండుమందిని కాలేజీల నుంచి ఎల్లగొట్టి కేసు పెట్టిన్రు. శాంతిభంగమట! వాళ్ల శాంతి పాడుగాను!

మేం పాలకీడుల ఇల్లిల్లు తిరిగినం. ఎవరికే రోగమున్నదో ఉన్నదున్నట్టు రాసినం. కాలేజీల రెండేండ్లు నేర్వని పని గాడ నేర్చినం.

నెల తిరక్కముందే మిర్యాలగూడల ఇంకో కాలేజీకి తనిఖీ పడ్డది. మళ్ల పాలకీడుకు బస్సొచ్చింది. జనం వద్దనలే. నడవలేనోళ్లను ముందుగాల ఎక్కిచ్చిన్రు. ఎనుక మిగిలినోళ్లు చాపలు, చెంబులు, బట్టల మూటలు పట్టుకొని ఎక్కిన్రు.

డ్రైవర్ బిత్తరపోయిండు. "పొద్దుగూకంగ నేనే దింపుత గదా అవ్వా! గీ మూటలెందుకు?"

దేవమ్మ ముందు సీట్ల కూసొని కట్టు కట్టిన కాలు సాపుకున్నది.

"నువ్వు పోనియ్ కొడుకా," అన్నది. "పొద్దుగూకంగ ఖాళీ బస్సు తోలుకొద్దువు."