రాసినవాళ్ళ సంతకం

పెళ్ళయి ఇరవై రెండు రోజులు. ఉడికిన పొడుగాటి పిండిముద్దను లిబుషె దారంతో బిళ్ళలుగా కోస్తోంది. ఒక్కో బిళ్ళ తెగి పక్కకి ఒరిగినప్పుడల్లా ఆమెకి నవ్వొస్తోంది. బ్ర్నోలో అద్దెకి తీసుకున్న ఈ రెండు గదులూ, కొత్త కప్పులూ, బల్ల దగ్గర కూర్చున్న మొగుడి చెవి వెనక రింగు తిరిగిన జుట్టూ, అన్నీ ముద్దొస్తున్నాయి.

"నేను పంపిన కోడ్ రడ్కా ఎంత శ్రద్ధగా చదివిందో చూడు! ఆవిడవి కళ్ళు కావు, సూదులు," అన్నాడు ఒతకర్ కంప్యూటర్లోంచి తలెత్తకుండా.

బిళ్ళ మందంగా తెగింది.

ఇద్దరూ కెర్నెల్‌కి, అంటే కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రాంకి, కోడ్ రాసేవాళ్ళే. ప్రోగ్రాం తన మెమరీలో కొంత భాగానికి ముద్ర వేసుకున్నాక, దాన్ని చదవొచ్చా, మార్చొచ్చా అన్న అనుమతులను ఎవరూ, చివరికి ఆ ప్రోగ్రాం కూడా, తిరగరాయలేకుండా చెయ్యడం ఒతకర్ పని. పోయిన ఆదివారం కాఫీ తాగుతూ, "అనుమతి మార్చనివ్వదు సరే, లోపలున్నదంతా ఖాళీ చెయ్యమంటే చేసేస్తోందిగా నీ కెర్నెల్!" అని ఆ లోపం పట్టుకున్నది లిబుషె. ఆ దారి మూసే కోడ్ రాసిచ్చిందీ ఆమే. అతను ముక్కు మీద ముద్దు పెట్టి, తన పేరుతో పంపించాడు. "ఇంటిమనిషివి, నీ పేరు వేస్తే ఏం బావుంటుంది?" అన్నాడు. అత్తగారు పెళ్ళినాడే చెప్పింది: "చాలా తెలివైనదానివట. మావాడి ముందు కాస్త తగ్గి ఉండు తల్లీ."

అప్పుడు నవ్వేసింది. ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు. కెర్నెల్‌లో ఆ భాగానికి పెద్దగా ఉండి, వచ్చిన కోడ్‌ని చదివి తీసుకునే రడ్కాని ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా పొడుగాటి వేళ్ళు ఊహించింది, తేనెలాంటి గొంతు ఊహించింది, ఊహించినకొద్దీ కుళ్ళుకుంది. ఏం రాసిందో మహాతల్లి అని అతని భుజం మీదుగా వంగింది. కెర్నెల్ రాసేవాళ్ళందరూ చదివే మెయిల్‌లోనే రాసింది రడ్కా: "ఈ భాగం మీ చేతిరాతలా లేదు. రాసిందెవరు? వాళ్ళ సంతకం లేనిదే తీసుకోను."

లిబుషె వంగినది వంగినట్టే ఉండిపోయింది. తన ఊరూ పేరూ తెలియని మనిషి, ఆ కోడ్ వెనక తనొకతె ఉందని పోల్చుకుంది. ఇంతసేపూ తను కుళ్ళుకున్నది రడ్కాని చూసి కాదు. పైవరసలో, తన కోడ్ నెత్తిన, దర్జాగా కూర్చున్న ఒతకర్ పేరుని చూసి.

"నేనే రాశానంటే సరి. ఎవరడుగుతారు?" అన్నాడతను.

"అడిగిందిగా."

చేతులు తుడుచుకుని తన కంప్యూటర్ తెచ్చుకుంది. రాసింది నేను, ఇదిగో నా సంతకం. అందరికీ వెళ్ళేలా పంపేసింది.

"లిబూ! నా పరువేం కావాలే? అందరూ చూస్తారు!"

"చూడనీ. పంపినవాడివి కదా, నీ సంతకమూ ఉంటుందిలే," అంది అతని ఎదురుగా కూర్చుంటూ. "ముందు నాది. దాని కింద నీది."