కుడి చెంప

దూరం నుంచి తెల్లగానే ఉంది.

దగ్గరికొస్తే... మంచు కంపు కొడుతోంది.

మే నెలాఖరు. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో హెల్వెలిన్ కొండ. కింద లోయంతా పచ్చబడింది. శిఖరం కింద ఎండ తగలని మూల మాత్రం చలికాలపు మంచు ఇంకా వదలకుండా పట్టుకుని ఉంది. పొద్దున, బస చేసిన హాస్టల్ కిటికీలోంచి ఆ తెల్లటి ముక్కను చూసి అక్సా బూట్లు వేసుకుంది. ఒక్కతే బయల్దేరింది. కాసేపు శుభ్రమైనదేదైనా చూడాలనిపించింది.

ఇదా శుభ్రం?

నల్లటి మట్టి. గొర్రె పెంటికలు. ఎవరో తిని పారేసిన నారింజ తొక్కలు. అంచున, మంచు కరిగి బయటపడిన చచ్చిన గొర్రె — సగం ఒళ్లు బయట, సగం ఇంకా లోపలే. కళ్లు కాకులు ఎప్పుడో తినేశాయి.

అక్సా ముక్కు మూసుకుంది.

లీసెస్టర్‌లో ఆసుపత్రి నర్సు ఆమె. చీము చూసింది, రక్తం చూసింది, ముసలివాళ్ల పక్కగుడ్డలు రోజుకెన్నిసార్లో మార్చింది. ఏనాడూ ముక్కు మూసుకోలేదు. అది రోగం. కడిగి తుడిస్తే పోతుంది.

పోనిది వేరే ఉంది.

నిన్న సాయంత్రం, హాస్టల్ గదిలో, అద్దం ముందు నిలబడి ఆమె భర్త రోషన్ ఏడుపు సాధన చేశాడు.

అవును, ఏడుపే.

సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి కదా మరి. లీసెస్టర్ తెలుగు ఫెలోషిప్ చర్చి వాళ్లంతా బస్సు మాట్లాడుకుని ప్రార్థనల రిట్రీట్‌కి ఇక్కడికొచ్చారు. ఈ సాయంత్రం ఆఖరి కూడిక. ఫిబ్రవరిలో, ఆసుపత్రి డ్యూటీ రోటా మార్చుకోలేదని పెళ్లాన్ని కొట్టినవాడు, ప్రభువు తనను ఎలా మార్చాడో అందరి ముందు చెబుతాడు. పక్కన తెల్ల చీరలో పెళ్లాం నిలబడి అవునంటుంది. ఇక కుటుంబం బాగుపడిపోయినట్టే. సంఘంలో పెద్దదిక్కైన ఎలిజబెత్ ఆంటీ చేసిన ఏర్పాటు ఇది.

"చెయ్యి చేసుకున్నాను" అన్నచోట గొంతు ఆపాడు. నచ్చలేదు. ఇంకాస్త తగ్గించి అన్నాడు. మళ్లీ అన్నాడు... చివరికి కంట్లో నీళ్లు తెప్పించుకున్నాడు.

ఆ తర్వాత, అద్దంలోంచే అడిగాడు.

"ఏ చెంప మీద కొట్టానే? కుడిదా, ఎడమదా?"

మర్చిపోయాడు.

"ఎడమ," అంది అక్సా. మందు ఎన్ని పూటలు వేసుకోవాలని పేషెంట్ అడిగితే చెప్పినట్టు చెప్పేసింది.

అతను కళ్లు తుడుచుకున్నాడు.

"కుడి అనేద్దాంలే. బైబిల్ వాక్యంలో ఉన్నది కుడి చెంప కదా. వినేవాళ్లకి బాగా ఎక్కుద్ది."

కొట్టిన రోజు భయమేసింది. మర్నాడు ఏడుపొచ్చింది. ఆంటీలు వచ్చి, ప్రార్థన చేసి, బిర్యానీ తిని, సర్దుకుపొమ్మని వెళ్లినప్పుడు కోపమొచ్చింది. నిన్నటి నుంచి మాత్రం అసహ్యమే. అతని గొంతంటే అసహ్యం. అతను తాగి పెట్టిన టీ కప్పంటే అసహ్యం. అడగ్గానే జవాబు చెప్పిన తన నోరంటే మరీ అసహ్యం.

ఫోన్ మోగింది. కింద లోయలో దొరకని సిగ్నల్ ఇక్కడ దొరికింది. ఎలిజబెత్ ఆంటీ.

"ఏమ్మా, చెప్పాపెట్టకుండా ఒక్కదానివే కొండెక్కడమేంటి? రోషన్ బాబు టిఫిన్ కూడా సరిగ్గా తినలేదు."

"వస్తాను ఆంటీ."

"అక్కడ మంచుందంట కదా. ఫొటో పెట్టు, తెల్లగా ఎంత బాగుంటదో. నీ చీర నేనే ఇస్త్రీ చేసి ఉంచా. నువ్వేం పెద్దగా చెప్పక్కర్లేదమ్మా... అవునను, చాలు."

అక్సా ఫోన్ జేబులో పెట్టుకుంది. ఫొటో తీయలేదు.

శిఖరానికి వెళ్లే దారి మంచు మీదుగానే ఉంది. ఒక అడుగు వేసింది. గట్టిగానే ఉంది. రెండో అడుగుకి మోకాలి దాకా దిగబడింది. లోపల ఏమీ లేదు — బోలు. అడుగున నీళ్లు పారుతున్న చప్పుడు. ఇక్కడ పడిపోతే ఎప్పటికి తెలుస్తుంది, ఎవరికి తెలుస్తుంది? రాయి పట్టుకుని కాలు లాక్కుంది. ప్యాంటు నిండా నల్లటి బురద.

శిఖరం చూడకుండానే వెనక్కి తిరిగింది.

దిగుతున్నంతసేపూ ఒక్కటే ఆలోచన. అవునంటే ఈ పూటతో గొడవ వదులుతుంది. అందరూ కావలించుకుంటారు. బిర్యానీ ఉంటుంది. ఆ తర్వాత జీవితాంతం, ఎవరడిగినా, అది కుడి చెంపే.

అవుననాలా... అనకూడదా...

సాయంత్రం హాస్టల్ హాలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కూడిక మొదలైపోయింది. వెనక నుంచి చూస్తే హాలంతా తెల్లగా ఉంది. తెల్ల చీరలు, తెల్ల చొక్కాలు. అక్సా చీర కట్టుకోలేదు. బురద ప్యాంటుతోనే వాళ్ల మధ్య నుంచి నడిచి, రోషన్ పక్కన నిలబడింది.

"కుడి చెంప మీద..." అన్నాడు రోషన్. సరిగ్గా అక్కడే గొంతు వణికింది. నిన్నటికంటే బాగా వచ్చింది. ఆంటీలు కొంగులతో కళ్లొత్తుకున్నారు.

మైకు అక్సా చేతికొచ్చింది.

"ఎడమ చెంప," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"కొట్టింది ఎడమ చెంప మీద. ఆయనకి గుర్తు లేదు. నన్ను అడిగి కూడా మార్చేశాడు."

వెనక వరసలో ఎవరో అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు. ఆ వెంటే ఇంకొందరు.

ఎలిజబెత్ ఆంటీ నవ్వు మొహంతోనే లేచి, మైకు కోసం చెయ్యి చాపింది.

అక్సా ఇవ్వలేదు.