తాడు మీద పదిమంది

సోమవారం వచ్చిందంటే సబ్బత్త పొద్దున్నే లేచి రెండు బకెట్లు నీళ్ళు పట్టి, పది చొక్కాలు నానబెడుతుంది. అవి మాసినవేం కావు. పోయిన సోమవారం ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెలో పెట్టినవే. వాటిని మనిషన్నవాడు తొడుక్కుని ముప్ఫై ఏళ్ళు దాటింది. అయినా ఆదివారం ఆట, సోమవారం ఉతుకు అనే అలవాటు ఆవిడ చేతుల్లోంచి పోలేదు.

ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో ఆవిడ ఇరవై ఆరేళ్ళు ఆటగాళ్ళ బట్టలు ఉతికింది. కుర్రాళ్ళు ఆవిడ పేరు అడిగిన పాపాన పోలేదు. దగ్గరికొస్తే సబ్బు వాసన వేసేది కాబట్టి సబ్బత్త అన్నారు, అదే ఉండిపోయింది. ఆవిడా వాళ్ళ పేర్ల జోలికి పోలేదు. ఏరా నాలుగూ, మోకాలు ఎక్కడ చీరుకున్నావురా అని వీపు మీది అంకెతోనే పలకరించేది. ఇప్పుడు చూస్తే అదే మేలయింది. ఈ మధ్య పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. అంకెలు మాత్రం ఇంకా కుదురుగానే ఉన్నాయి.

జారిపోతున్నవాటి కోసం గోడ నిండా కాగితాలు అంటించుకుంది. స్టవ్ ఆపు. తాళంచెవి మెడలో ఉంది. మధ్యాహ్నం తిన్నావు. ఈ చివరిది ఎప్పుడు తీసెయ్యాలో తెలియక రోజంతా అలాగే ఉంటుంది. ఒక్కోసారి దాన్ని నమ్మి పస్తుంటుంది కూడా.

డాబా మీద నాలుగు తాళ్ళు. మొదటిదాని మీద గోల్‌కీపరు చొక్కా ఒక్కటే. రెండోదాని మీద నలుగురు, మూడోదాని మీద ముగ్గురు. నాలుగోదాని మీద ఒక కొసన పది, ఇంకో కొసన పదకొండు. ఆ రెండింటి మధ్య రెండు క్లిప్పులు ఖాళీ తాడుకి పెట్టి ఉంటాయి. అది తొమ్మిది చోటు.

గాలి లేచాక ఆట మొదలవుతుంది. బంతి ఉండదు. గాలి ఒక చొక్కాలో దూరి, దాన్ని మనిషి ఛాతీలా ఉబ్బించి, అక్కణ్ణించి ఇంకో చొక్కాలోకి పోతుంది. ఉబ్బు ఎక్కడుందో చూస్తే బంతి ఎవరి దగ్గరుందో తెలిసిపోతుంది. కీపరు నుంచి రెండుకి, రెండు నుంచి ఆరుకి, ఆరు నుంచి ఎనిమిదికి, అక్కణ్ణించి పదికి. పది ఒక్క క్షణం ఆగి పక్కకి ఇస్తుంది. పక్కన ఖాళీ తాడు. గాలి అక్కడ చచ్చిపోతుంది. ఆ కొసన పదకొండు ఒక చెయ్యి పైకెత్తి అలాగే ఉంటుంది. దానిలోకి గాలి ఏనాడూ వెళ్ళలేదు. అందుకే మిగతావన్నీ మధ్యాహ్నానికల్లా ఆరిపోతాయి, పదకొండు మాత్రం ఎంత ఎండ కాసినా ఆరదు. సాయంత్రం ఇస్త్రీ పెట్టె కింద పొగలు కక్కితే గానీ దాని తడి పోదు.

వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. కింది కొట్టాయన మాత్రం నీళ్ళు తన అట్టపెట్టెల మీద కారుతున్నాయని గొణుగుతాడు. ఎదురింటి లెక్కల మాస్టారు పేపరు మడిచి, ఇవాళ ఎంతండీ అని అడుగుతాడు. ఎప్పటిలాగే మాస్టారూ, ఒకటి ఒకటి, అంటుందావిడ.

ముప్ఫై ఏళ్ళ కిందట లీగులో ఆఖరి ఆట కూడా ఒకటి ఒకటే. గెలిస్తే కప్పు వీళ్ళది, లేకపోతే అవతలివాళ్ళది. వీళ్ళ గోలు తొమ్మిదే వేశాడు. దాంతో ఆ సంవత్సరం అందరికంటే ఎక్కువ గోల్స్ వాడివయ్యాయి. ఇంకొక్కటి వేస్తే లీగు పుట్టినప్పట్నించీ ఉన్న రికార్డు చెరిగిపోతుంది. ఆఖరి నిమిషంలో బంతి వాడి కాళ్ళకే వచ్చింది. అవతలి కీపరు వాడి మీదికి వచ్చేశాడు. అటు పక్క పదకొండు ఖాళీ గోలు ముందు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. తొమ్మిది వాణ్ణి చూశాడు, చూసి తనే కొట్టాడు. బంతి గుంజకి తగిలి బయటికి పోయింది.

మర్నాడే వాడికి ఆ ఏటి ఉత్తమ ఆటగాడి బహుమతి ప్రకటించారు. ఆ చొక్కాని చెమటతో సహా అద్దాల చట్రంలో బిగించి సభలో వాడి చేతికిచ్చారు. సబ్బత్త లెక్కలో ఆ సోమవారం ఒక చొక్కా తక్కువ వచ్చింది. తర్వాత వాడు పెద్ద క్లబ్బులకి పోయాడు, ఇంకో రెండుసార్లు ఉత్తమ ఆటగాడయ్యాడు. కప్పు మాత్రం ఎక్కడా దక్కలేదు. పదకొండుని క్లబ్బువాళ్ళు మళ్ళీ తీసుకోలేదు. వాడు సిటీ బస్సు డ్రైవరయ్యాడు. ఆ వీధిలోంచే బస్సు నడుపుతాడు గానీ డాబా వైపు తలెత్తడు. పాత చొక్కాల్ని నేల తుడవడానికి పడేస్తుంటే సబ్బత్త మిగిలిన పదింటినీ మూటగట్టి ఇంటికి తెచ్చుకుంది.

పోయిన వారం స్టవ్ మీద గిన్నె మాడి, గది నిండా పొగ కమ్మింది. చెల్లెలి కూతురు పరుగెత్తుకొచ్చి, ఇక ఒంటరిగా ఉండనివ్వనంది. వచ్చే మంగళవారం బండి తెస్తానంది. సబ్బత్త ఒక్కటే అడిగింది, అక్కడ బట్టలు ఎక్కడ ఆరేస్తారు అని.

“మా ఇంట్లో తాడే లేదు పెద్దమ్మా. మిషన్లోంచి ఆరిపోయే వస్తాయి.”

అంటే మిగిలింది ఒక్క సోమవారం. ఆలోపు పదకొండు ఆరకపోతే ఇక ఆరదు. ఆరలేదన్న సంగతి కూడా కొన్నాళ్ళకి తనకి గుర్తుండదు. ఆవిడకి భయం వేసింది అందుకే. ఓ కాగితం మీద తొమ్మిది ఇంటి చిరునామా రాయించుకుని, పిడికిట్లో పట్టుకుని బయల్దేరింది.

తొమ్మిది మూడో అంతస్తులో ఉంటున్నాడు. తలుపు తీసి గుర్తుపట్టడానికి కాస్త టైము తీసుకున్నాడు. జుట్టు పల్చబడింది, నడిస్తే కుంటుతున్నాడు. హాలులో గోడంత అద్దాల బీరువా, అందులో బహుమతులు, వాటి మీద పడేలా లైట్లు. వంటింట్లో ఒక్క కంచం బోర్లించి ఉంది. రెండో కప్పు వెతకడానికి వాడికి చాలాసేపు పట్టింది. అది దొరికాక దుమ్ము కడిగి అందులో టీ పోశాడు.

మనిషి మాట విని ఎన్నాళ్ళయిందో, ఒక్కో బహుమతీ చూపిస్తూ అది ఏ ఆటకి, ఏ నెలలో, స్టేడియంలో ఎంతమంది జనం, అన్నీ చెప్పుకుపోయాడు. ఇంత గుర్తున్నందుకు సబ్బత్తకి కుళ్ళు పుట్టింది. ఓ వెండి బంతిని వేలితో చూపించి, దీనికి పాసు ఎవరిచ్చారురా అని అడిగింది.

వాడికి గుర్తు రాలేదు. పక్కనున్నదాన్ని చూపించింది. దానికీ చెప్పలేకపోయాడు.

“వెండి బంతి ఆటకి ఎనిమిది ఇచ్చాడు. గోలు పడగానే పరుగెత్తుకొచ్చి నీ భుజం చరిచేవాడు. మట్టి చెయ్యి. ఎడం భుజం మీద అయిదు వేళ్ళూ పడేవి. నాకెలా తెలుసంటావా, ఉతికింది నేను కాదూ.”

గోడ మీది చట్రంలో వీపు అంకె కనబడేలా ఆ చొక్కా ఉంది. తాడు మీది ఖాళీ చోటు సంగతీ, ఆరని పదకొండు సంగతీ చెప్పి, ఉతికి ఆరేస్తానని ఆవిడ అది అడిగింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

“ఉతికితే అది మామూలు చొక్కా అయిపోతుందత్తా.”

“మామూలు చొక్కాయేరా. నువ్వే అద్దంలో దాచిపెట్టుకున్నావు.”

వాడు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. జట్టులో మిగతా పదిమందీ ఏటా ఒకసారి కలుస్తారట, తనని పిలవరట. పిలిచినా వెళ్ళేవాణ్ణి కాదులే అన్నాడు. ఆవిడ టీ తాగి, కప్పు కడిగి, కంచం పక్కన బోర్లించి వచ్చేసింది.

సోమవారం పది చొక్కాలు ఆరేసి, క్లిప్పులు మళ్ళీ ఖాళీ తాడుకే పెడుతుంటే మెట్ల మీద కుంటి అడుగు వినబడింది. తొమ్మిది చేతిలో చొక్కా ఉంది. బొటనవేలికి కట్టు, అద్దం కోసుకుందట. చొక్కా ముందు వైపు ఇన్నేళ్ళూ అట్టకి అతుక్కుని ఉండిపోయింది, వాడూ చూడలేదు. తిప్పి చూపించాడు. గుండెల దగ్గర మట్టి చెయ్యి, నాలుగు వేళ్ళు స్పష్టంగా.

“ఆరోజు నా గోలుకి బంతి ఎవరిచ్చారో మర్చిపోయానత్తా. పదకొండే ఇచ్చాడు. ఎదురుగా వచ్చి గుండెల మీద చరిచేది వాడొక్కడే.”

ఉతకనా అని అడిగింది. మరక పోతుంది మరి. వాడు తనే బకెట్ ముందు కూర్చుని, ఎలా రుద్దాలో అడిగి రుద్దాడు. మట్టి దిగి నీళ్ళు ఎర్రగా మారాయి. చొక్కాని తీసుకెళ్ళి ఆ రెండు క్లిప్పులూ తనే పెట్టాడు.

గాలి లేచింది. కీపరు, రెండు, ఆరు, ఎనిమిది, పది. పది ఒక్క క్షణం ఆగి పక్కకి ఇచ్చింది. తొమ్మిది చొక్కా ఒక్కసారిగా ఛాతీ విరుచుకుని లేచి, అలాగే నిలిచింది. తాడు కిర్రుమంది. ఎదురింట్లో మాస్టారు పేపరు పక్కన పెట్టాడు. సబ్బత్త పక్కన నిలబడ్డ మనిషి ఊపిరి బిగబట్టి, ఇచ్చెయ్యరా, ఇచ్చెయ్, అని తన చొక్కాని తనే బతిమాలుకుంటున్నాడు.

ఇచ్చింది. పదకొండు నిండుగా పొంగి, ఎత్తిన చెయ్యి దించింది.

“ఎంతండీ?” అన్నాడు మాస్టారు మెల్లగా.

“రెండు ఒకటి,” అంది సబ్బత్త. ఆ మాట తన నోట కొత్తగా ఉంది.

కాసేపటికి కింద, స్టాపు లేని చోట, బస్సు ఆగింది. వెనక హారన్లు మోగుతున్నాయి. డ్రైవరు స్వెటరు విప్పి భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. ఎండాకాలంలో కూడా సోమవారం అయితే పదకొండు స్వెటరు లేకుండా బండెక్కడని అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా సోమవారాలు ఒళ్ళు చెమ్మగా ఉండేదనీ, ఇందాక స్టీరింగు పట్టుకుని ఉండగానే ఆరిపోయిందనీ అత్తతో చెప్పాడు. తర్వాత తొమ్మిది వైపు తిరిగాడు.

“ఇప్పుడట్రా బంతి ఇచ్చేది?”

“ఇప్పుడిచ్చాను,” అన్నాడు తొమ్మిది.

పదకొండు వాడి కట్టు వేలు చూశాడు, తాడు మీద వాడి చొక్కా చూశాడు. బస్సులో నా వెనక సీటు ఖాళీగా ఉంది, రా, అన్నాడు. ఇద్దరూ దిగిపోయారు. డాబా మీద సబ్బత్త ఒక్కతే మిగిలింది. పదకొండు చొక్కాని చెంపకి ఆనించుకుని చూసింది. వెచ్చగా, పొడిగా ఉంది. ఆ పూట ఇస్త్రీ పెట్టె తీయలేదు. చీకటిపడేలోపు మొత్తం పదకొండు చొక్కాలూ మడిచి, తొమ్మిదికి ఇవ్వాలి అని కాగితం రాసి మూట మీద గుచ్చింది.

మంగళవారం బండి వచ్చింది. కొత్త ఇంట్లో గోడలకి కాగితాలు అంటించనివ్వలేదు, రంగు పాడవుతుందన్నారు. మొదట గుర్తులోంచి వారాల పేర్లు పోయాయి, తర్వాత మొహాలు పోయాయి, ఆ తర్వాత అంకెలూ సడలాయి. మిషను గుర్రుమన్నప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడి, చేతులు వాసన చూసుకునేది.

ఓ సోమవారం వాకిట్లో సిటీ బస్సు ఆగింది. ఇద్దరు పెద్దవాళ్ళు దిగారు. అందులో కుంటుతూ నడిచేవాడి చేతులు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి, సబ్బు వాసన వేస్తున్నాయి.

“ఎవరు బాబూ మీరు?” అని అడిగింది.

కుంటివాడు ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తొమ్మిదినత్తా అన్నాడు. ఆవిడ వాడి మొహం కేసి చాలాసేపు చూసింది. ఏమీ దొరకలేదు. వాడి చెయ్యి తీసుకుని వాసన చూసింది. ఎక్కడో లోపల ఒక తాడు కదిలింది.

“పదకొండు ఆరిందా?” అంది.

వెనక నిలబడ్డ డ్రైవరు ముందుకొచ్చి, తన చొక్కా చెయ్యి ఆవిడ చెంపకి ఆనించాడు.

“ఆరిందత్తా.”