నాలుగు బోల్టుల ఉద్యోగం

ఆ కార్ల ఫ్యాక్టరీలో డ్యాష్‌బోర్డు బిగించడానికి పద్నాలుగు మంది ఉండేవాళ్ళు. అందరికీ పెద్ద మేస్త్రి. పంతొమ్మిదేళ్ళుగా ఆయనకి అదే పని. సొంత పిల్లల పేర్లు చెప్పడానికి తడబడతాడేమో గానీ, నలభై రెండు వైర్లలో ఏది ఎక్కడికి పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

ఓ సోమవారం కొత్త మేనేజరు వచ్చి, "ఇకనుంచి మనం కారు తయారు చెయ్యం, అతికిస్తాం" అన్నాడు. డ్యాష్‌బోర్డు మొత్తం గోడవతల సప్లయరు షెడ్డులో తయారై, ఒకే ముక్కగా, మాడ్యూల్‌గా వస్తుందట. ఇక్కడ నాలుగు బోల్టులు బిగిస్తే చాలట. ఆ గంటలో ఆయన మాడ్యూల్ అన్న మాట ఎన్నిసార్లు అన్నాడంటే, సాయంత్రానికి క్యాంటీన్‌వాడు టీ, బిస్కెట్టు కలిపి మాడ్యూల్ అని అమ్మడం మొదలెట్టాడు.

నాలుగు బోల్టులకి ఒక్కడు చాలు. పదమూడు మందికి ఓ నమస్కారం.

ఎవరు తొందరగా బిగిస్తే ఉద్యోగం వాళ్ళదని పోటీ పెట్టారు. చివరికి మిగిలింది ఇద్దరే: మేస్త్రి, ఆయన బావమరిది. వాణ్ణి పనిలో పెట్టించిందీ, స్పానర్ పట్టుకోవడం నేర్పిందీ మేస్త్రే.

"బావా, అలవాటుకొద్దీ డ్యాష్‌బోర్డు వెనక్కి తొంగి చూడకు. చూశావా, పోయావ్" అన్నాడు బావమరిది పళ్ళికిలిస్తూ.

"నాకే నేర్పుతున్నావురా?"

"నువ్వు నేర్పిన పనే బావా. ఆ చూసే పాఠం రోజు మాత్రం నేను సెలవు."

ముందు బావమరిది. డ్యాష్‌బోర్డు వెనక ఏనుగున్నా వాడికి అనవసరం. నలభై ఒక్క సెకన్లు. చప్పట్లు.

తర్వాతి కారు మేస్త్రిది. మూడు బోల్టులు ఇరవై ఆరు సెకన్లలో ఎక్కించేశాడు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. నాలుగోది అందుకోబోతుంటే, చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. పంతొమ్మిదేళ్ళ రోగం. లోపల ఎయిర్‌బ్యాగ్ వైరు గుచ్చకుండా వేలాడుతోంది.

"సార్, ఇది పెట్టలేదు! గుద్దుకుంటే బ్యాగు తెరుచుకోదు."

మేనేజరు స్టాప్‌వాచ్ మీంచి కళ్ళు తియ్యలేదు. "అది సప్లయరు పని. మీరు బోల్టు చూడండి."

"మనిషి పోతాడు సార్."

"పోతే సప్లయరు మీద కేసేస్తాం. మాడ్యూల్ అంటే అదే మేస్త్రీ. తప్పు కూడా ఒకే ముక్కగా వాళ్ళదే."

మేస్త్రి వైరు గుచ్చాడు. టక్‌మంది. నాలుగో బోల్టు బిగిసేసరికి యాభై తొమ్మిది సెకన్లు.

మేనేజరు వెళ్ళి బావమరిది చెయ్యి పట్టుకుని ఊపాడు. వాడు బిగించిన కారు అప్పటికే లైను మీద కదిలి, సీట్లు పెట్టే చోటికి వెళ్ళిపోయింది.

"దాంట్లో వైరు చూశావురా?"

"చూస్తే గెలిచేవాణ్ణా బావా?"

గేటు బయటికొచ్చి మేస్త్రి భార్యకి ఫోన్ చేశాడు.

"ఏమండీ, ఎవరికొచ్చింది?"

"మీ తమ్ముడికి."

అవతల పెద్ద నిట్టూర్పు. "హమ్మయ్య! పోన్లెండి, వాడికి బోలెడు జీవితం ఉంది. మీదెలాగూ అయిపోయిందిగా."