ఎవరి గొడుగు వాళ్లకి

కృష్ణారావు ఇంటి సావిడి మరీ చిన్నది. వీధి గుమ్మం దాటి ఒక అడుగు వేస్తే రెండో అడుగు నడిగదిలో పడుతుంది. ఉద్దానంలో తోటలూ పెద్ద లోగిలీ ఉన్నా, రాజకీయం చేసేవాడికి పలాసలో జనానికి కనబడే గుమ్మం ఒకటి ఉండాలని ఆయన పట్టుబట్టి కొన్న ఇల్లు అది. కొనేటప్పుడు గుమ్మాన్నే చూసుకున్నాడు కానీ, ఆ గుమ్మంలోకి వచ్చే జనం చెప్పులూ గొడుగులూ ఎక్కడ పెట్టుకుంటారో చూసుకోలేదు. అది చూసుకోవడం కోడలు ఇందు వంతయింది.

ఉద్దానం మనిషికి గొడుగు ఎండకీ కావాలి, వానకీ కావాలి. పొద్దున్నే బస్సు దిగి పింఛను కోసమో, పొలం తగువు కోసమో కృష్ణారావు దగ్గరికి వస్తారు. గొడుగు మూలన పెట్టి, టీ తాగి, వాన వెలిశాక చేతులూపుకుంటూ వెళ్లిపోతారు. అలా మరిచిపోయిన గొడుగుని పారేయడానికి లేదు, ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. ఆ ఇంట్లో గొడుగంటే ఓటు. వెనకటి ఎన్నికల్లో ఎవరో పెద్దమనిషికి తన గొడుగు బదులు కమ్మి విరిగిన గొడుగు అందిందట. ఆయన అలిగి తన వీధి వీధంతా అవతలి పక్షానికి నడిపించాడట. "గొడుగు మారిపోయి ఓడిపోయినోణ్ణి జిల్లా మొత్తానికి నానొక్కణ్ణే" అని కృష్ణారావు నవ్వుతూ అంటాడు. నవ్వినా, ఆ మాట ఆయన నమ్మే అంటాడు.

ఇందు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మూలనున్న గొడుగుల గుట్ట చూసి ఊరుకోలేక సర్దింది. ఊరుకోవలసింది. భర్త ఈశ్వర్ బోర్లు వేయించే పని చేస్తాడు. పెరట్లో పడి ఉన్న ప్లాస్టిక్ పైపుల్ని ముక్కలు కోయించి, గోడకి వరసగా బిగించింది. ఒక్కో గొట్టంలో ఒక్కో గొడుగు. నీళ్లు కారి గచ్చు జారకుండా ఒక్కోదాని కింద ఒక కొబ్బరి చిప్ప. మడత గొడుగులకి పైన మేకులు. అత్తగారు గౌరీశ్వరి ఇరుగమ్మనీ పొరుగమ్మనీ పిలిచి మరీ చూపించింది. ఆ నాలుగు రోజులూ ఇందుకి కూడా సంబరంగానే ఉంది.

సర్దిన మనిషికి ఏది ఎవరిదో గుర్తుండిపోదూ? పసుపు అతుకున్నది రావివలస మాస్టారిది. పిడికి వలతాడు చుట్టినది అక్కుపల్లి చిన్నారావుది. పాపం, డయాలసిస్‌కి పలాస వచ్చినప్పుడల్లా కాసేపు ఈ సావిడిలో కూర్చుని వెళ్లేవాడు. ఒకసారి గొడుగు మరిచిపోయి వెళ్లాడు, మళ్లీ రాలేదు. మనిషి పోయినా గొడుగు ఆ గొట్టంలోనే ఉండిపోయింది. ఇందు దాన్ని అప్పుడప్పుడు విప్పి ఆరబెట్టి, కమ్ములకి కొబ్బరినూనె రాసి మళ్లీ పెట్టేది. ఎవరికోసమో ఆమెకే తెలియదు.

ఆ గుర్తే ఆమెని కట్టేసింది. గుమ్మంలో ఎవరు నిలబడినా "ఇందమ్మని పిలండి" అనేవారు. కోటబొమ్మాళిలో పుట్టింటికి వెళ్లి రెండు రోజులుందామంటే, మొదటి పూటే మావగారి ఫోను వచ్చేది. "అమ్మా, నల్లది, ఎర్ర బొత్తాంది, ఎవలిదమ్మా?" అవతల ఎవరో గుమ్మంలో నిలబడి ఉండేవారు. ఆమె చెప్పేది. రెండోసారి ఫోను వచ్చేసరికి బట్టలు సర్దుకుని బయల్దేరేది.

ఇందు బీయీడీ చదివింది. కలిసి చదువుకున్న యామిని ఇప్పుడు టెక్కలిలో ఒక ప్రైవేటు బడి నడుపుతోంది. సోషల్ చెప్పడానికి రమ్మని పిలిచింది. మొదటిసారి మావగారు "పంచాయితీ ఎన్నికలు అయిపోనీ అమ్మా" అన్నారు. అవి అయ్యాయి. రెండోసారి "సొసైటీది ఒకటుంది గదా" అన్నారు. అదీ అయింది. మూడోసారి యామిని మొహమాటం లేకుండా చెప్పేసింది. "సోమవారం నువ్వు రాకపోతే ఇంకొకర్ని తీసీసుకుంటాను. ఇంక నన్నడగకే." ఇది పోతే మళ్లీ తనని అడిగేవాళ్లుండరని ఇందుకి తెలుసు. రాత్రీ పగలూ అదే గుబులు.

తెగించి మావగారితోనే చెప్పింది. ఆయన కసురుకోలేదు, ఎప్పుడూ కసరడు. "ఎల్లమ్మా, కాదంటానేటి? నువ్వు లేకపోయినా ఎవలి గొడుగు వోలికి అందాల. ఆ ఏర్పాటేదో సేసీసి ఎల్లు" అన్నాడు.

ఆ మాటకి ఇందు పొంగిపోయింది. పాత అట్టపెట్టెలు కత్తిరించి చీటీలు చేసింది. గుండ్రటి అక్షరాలతో పేరూ ఊరూ రాసి, ప్రతి గొడుగు పిడికీ దారంతో కట్టింది. ఇప్పుడు చదవడం వచ్చినవాళ్లెవరైనా తీసి ఇవ్వగలరు. తను లేకపోయినా ఈ సావిడి నడుస్తుంది. పెళ్లయ్యాక ఆమె అంత హాయిగా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.

మర్నాడు అవతలి పక్షం చంద్రమౌళి కూతురి పెళ్లికార్డు పట్టుకుని వచ్చాడు. ఎంత కక్షలున్నా శుభలేఖ ఇవ్వడానికి గుమ్మం ఎక్కుతారు, కాఫీ తాగుతారు, అది మర్యాద. చంద్రమౌళి సావిడిలో ఒంగి చెప్పులు విప్పుతూ తల పక్కకి తిప్పాడు. ముక్కు ఎదురుగా చీటీ. 'పోలారావు, అక్కుపల్లి.'

పోలారావు అక్కుపల్లిలో సముద్రం మీద చేపల వేటకెళ్లేవాళ్లకి పెద్ద. చంద్రమౌళికి కుడిభుజం. కృష్ణారావు ఇంటికి అతను మునిమాపువేళ ఒక్కసారే వచ్చాడు, తలమీద తువ్వాలు కప్పుకుని వచ్చి, మాట్లాడుకుని, గొడుగు మరిచి వెళ్లాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. చంద్రమౌళి చీటీని ఒకటికి రెండుసార్లు చదివాడు. "రాత సానా బాగుందమ్మా" అని ఇందుని మెచ్చుకుని, కాఫీ తాగి మరీ వెళ్లాడు.

సాయంత్రానికి అక్కుపల్లి అట్టుడికిపోయింది. తను పలాసలో ఆ గుమ్మమే ఎక్కలేదనీ, ఆ గొడుగు తనది కాదనీ, అసలు తను గొడుగే వాడననీ పోలారావు కబురు పంపాడు. అంటే అతను చేజారిపోయినట్టే.

కృష్ణారావు ఆరోజు కూడా కేకలెయ్యలేదు. నడిగదిలో కూర్చుని చాలాసేపు కణతలు రుద్దుకున్నాడు.

"సీటీలు పీకీ అమ్మా."

"మావయ్యా, పోలారావుది ఒక్కటే తీసీసి..."

"అన్నీ పీకీ. ఎవలొచ్చినారో, ఎవలెళ్లినారో గోడమీద రాసెట్టుకుంటామేటి? నీ బుర్రలో ఉంటే సాలు. ఇంత నమ్మకమైన సోటు నాకింకెక్కడున్నాది?"

అది మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలుకి ఇందుకి ఊపిరాడలేదు. ఈశ్వర్‌తో చెప్పుకుంటే "నాన్న నిన్నంతలా నమ్ముతున్నాడంటే సంతోషించాల గానీ..." అని అటు తిరిగి పడుకున్నాడు. కత్తెర తీసుకుని ఒక్కో దారమే తెంపింది. పేర్లన్నీ పొయ్యిలో వేసింది. కృష్ణారావు మాత్రం చెడినదాన్ని బాగుచేసుకోవడానికి అక్కుపల్లి వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి పలకరించి వచ్చాడు.

సోమవారం తెల్లారేసరికి ముసురు పట్టుకుంది. ఈశ్వర్ పనిమీద వెళ్లిపోయాడు. మావగారు లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఇందు నేతచీర కట్టుకుని, సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని సావిడిలోకి వచ్చింది. ఎవరినీ అడగదలచుకోలేదు. ముందు వెళ్లి చేరితే తిట్లు తర్వాత తినొచ్చు. టెక్కలి బస్సు వచ్చే వేళయింది.

చివరి గొట్టంలో తన నీలం చుక్కల గొడుగు లేదు. కాలేజీలో చేరినప్పుడు నాన్న కొనిచ్చినది.

"అత్తా, నా గొడుగేదత్తా?"

గౌరీశ్వరి కూర తరుగుతూ తలెత్తింది. "సివర్ది, నీలందా? నిన్న పక్కింటి పాండు తడుసుకుంటూ ఎల్తంటే ఇచ్చీసినాను. ఎవలిదో నిన్నడుగుదామంటే తానానికెళ్లినావు. ఎవలూ దానికోసం ఎప్పుడూ రాలేదు గదా, మనింటిదే అయ్యుంటాదిలే, అడిగీవోలుండరని ఇచ్చీసినాను."

"అది నాదత్తా."

"నీదైతే మరి మనింటిదే గదే" అంది గౌరీశ్వరి, ఏ కల్మషమూ లేకుండా. మళ్లీ కత్తిపీట వైపు తిరిగింది.

ఇందు గోడ వైపు చూసింది. గోడ నిండా గొడుగులు. ఊళ్లో ఎవరెవరి గొడుగులో తనకి తెలుసు, తన గొడుగు ఏదో ఈ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఏదో ఒకటి లాక్కుని వెళ్లిపోదామని చెయ్యి చాపింది. మొదటిది మాస్టారిది, ఇవాళో రేపో వస్తాడు. పక్కది ఎర్ర బొత్తాంది, ఆ మనిషి అలిగాడంటే అంతే. ఎవరినీ నొప్పించకుండా ఈ సావిడిలో తీసుకోగల గొడుగు ఒక్కటే ఉంది, దానికోసం ఇంకెవరూ రారు.

వలతాడు పిడి చేతికి బిగువుగా తగిలింది. చిన్నారావు గొడుగు తీసుకుని ఇందు గుమ్మం దిగింది. మెట్టుమీద నిలబడి విప్పబోతుండగా, ఎదురుగా వానలో ఒక ఆడమనిషి తడిసి ముద్దయి నిలబడి ఉంది. కొంగు నెత్తిన కప్పుకుని, ఇందు చేతిలోకే చూస్తోంది.

"అమ్మా, అది మావోడి గొడుగు గాదేటమ్మా? నాను అక్కుపల్లి చిన్నారావు పెళ్లాన్ని, దాలమ్మని."

ఇందు విప్పబోయిన గొడుగుని కిందికి దించింది.

"మొన్న కృష్ణారావు బావు మా ఇంటికొచ్చి సెప్పినాడమ్మా. 'నీ పెనిమిటి గొడుగు మా కోడలు బద్రంగా దాసినాది, ఎప్పుడొచ్చినా పట్టుకెల్లు' అన్నాడు. ఇంటికాడ ఆడి వస్తువేదీ ఉంచుకోలేకపోనాను. ఇదొక్కటుందని తెలిసినకాణ్ణించి నిద్దరట్టలేదు." దాలమ్మ పిడి మీది తాడు తడిమింది. "ఆడు సుట్టిందేనమ్మా ఇది. నా ఎదురుగుండానే సుట్టినాడు."

ఇందు వేళ్లు వదిలేశాయి. దాలమ్మ ఆ గొడుగుని విప్పకుండానే గుండెలకి అదుముకుని, వానలో నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపు మీద కోపం తెచ్చుకోవడం ఇందు వల్ల కాలేదు.

గొంతు విని కృష్ణారావు వచ్చాడు, వెనకే లోపలున్న నలుగురూ వచ్చారు. ఆయన ఒక్కసారి గొడుగునీ, కోడలినీ, దాలమ్మనీ చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"సూసినావా దాలమ్మా! నువ్వొస్తావని ఈ వానలో సేత్తో అట్టుకుని మెట్టుమీద నిలబడిపోనాది. ఇలాటి కోడలు ఎవలికుంటాది?"

వెనకున్నవాళ్లు తలలాడించారు. "ఇందమ్మ ఉండగా ఆ ఇంట్లో మన గడ్డిపరక కూడా పోదు" అన్నారెవరో. ఈ మాట అక్కుపల్లి చేరడానికి ఒక పూట చాలు. చీటీ చెడగొట్టినదంతా ఇక బాగుపడుతుంది. ఇందుకి ఆ సంగతి వాళ్లందరికంటే బాగా తెలుసు. భుజాన సంచి ఉంది, ఒంటిమీద నేతచీర ఉంది, అయినా ఎక్కడికమ్మా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేద్దామని నోరు తెరుచుకునే నిలబడింది.

రోడ్డుమీద టెక్కలి బస్సు హారన్ కొట్టి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది.

"లోపలికి రాయే, తడిసిపోతన్నావు" అని గౌరీశ్వరి పిలిచింది. "మాస్టారొచ్చినాడు, ఆయన గొడుగేదో తీసియ్యి."

ఇందు మెట్టెక్కి లోపలికి వచ్చింది. పసుపు అతుకున్న గొడుగు తీసి మాస్టారి చేతికిచ్చింది.